విశాఖలో ఒక హోమ్ కేర్ సేవ: 42 రోజుల అనుభవం

మా అమ్మగారికి 81 ఏళ్లు. ఏప్రిల్ నెలలో సీతమ్మధారలోని మా ఇంట్లో స్నానాలగది గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. గుండెకు స్టెంట్ వేసినప్పటినుంచి ఆవిడ రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నందువల్ల ఆపరేషన్ వెంటనే కుదరక, మూడు రోజులు మంచం మీద కదలకుండా ఉంచి నాలుగో రోజున చేశారు. మొత్తం తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఒక గురువారం సాయంత్రం ఇంటికి వచ్చారు. మర్నాటి నుంచి 24 గంటలూ ఇంట్లోనే ఉండి చూసుకునే కేర్‌టేకర్ కోసం నగరంలోని ఒక హోమ్ కేర్ సంస్థతో ఒప్పందం చేసుకున్నాము. నెలకు 24,000 రూపాయలు, అందులో సగం ముందుగా చెల్లించాలి; భోజనం, పడక మావి; రిజిస్ట్రేషన్ పేరుతో మరో 2,000, అది తిరిగి రాదు. 42 రోజులు ఆ సేవను వాడుకున్న తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. వారితో మా లెక్క ఇంకా తేలలేదు. పైగా ఆ తర్వాత నేను విచారించిన మరో రెండు చోట్ల కూడా ఒప్పందపు కాగితాలు దాదాపు ఇవే షరతులతో ఉన్నాయి.

తేలికగా చెప్పగలిగినవి ముందుగా చెబుతాను. అడిగిన మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకల్లా మనిషిని పంపారు. ఆధార్ నకలు, పోలీసు వెరిఫికేషన్ కాగితం మేము అడగకముందే చూపించారు. బిల్లులో పొరపాట్లు లేవు, సూపర్‌వైజర్ మర్యాదగా మాట్లాడతారు, ఫోను ఎత్తుతారు. కష్టం లేని రోజుల్లో ఈ సేవలో వంక పెట్టవలసినది ఏమీ లేదు.

వచ్చిన అమ్మాయిది పార్వతీపురం వైపు ఒక పల్లె, వయసు పాతికలోపు. రాగానే మా అబ్బాయి పాత నోటుపుస్తకం ఒకటి అడిగి తీసుకుని, స్కేలుతో గడులు గీసుకుంది. టైము, ఏ పక్కకు తిప్పినది, తాగిన నీళ్లు, మూత్రం, విరేచనం, చివరి గడిలో ‘చర్మం’. రెండు గంటలకొకసారి అమ్మగారిని కుడి పక్కకు, ఎడమ పక్కకు, వెల్లకిలా మార్చి ఆ గడిలో ‘కు’, ‘ఎ’, ‘వె’ అని ఒక్కొక్క అక్షరం రాసేది. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టేది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర ఒక సర్జికల్ షాపులో ఎయిర్ బెడ్ కొనమని చెప్పింది కూడా ఆమే; కరెంటు పోతే దాని మోటారు ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టరుకు కలపమని గుర్తు చేసింది. ఆదివారం ఉదయం ఆరు గంటలకు డైపర్ మారుస్తూ నన్ను పిలిచింది. “బాబుగారూ, మామ్మగారికి నడుం కింద కమిలినట్టుంది, ఓ పాలి సూడండి” అంది. వెన్ను చివర ఎముక మీద రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దదిగా, నేరేడుపండు రంగులో మచ్చ ఉంది. చర్మం ఎక్కడా చిట్లలేదు. ఆమె అప్పుడే సూపర్‌వైజర్‌కు ఫోను చేసి చెప్పింది, నోటుపుస్తకంలో రాసింది. ఆదివారం కాబట్టి సోమవారం చూద్దామన్నారు. సోమవారం ఎవరూ రాలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

బుధవారం పొద్దున్న మా చెల్లెలు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు నుంచి వచ్చింది. అప్పటికి మచ్చ మీది చర్మం లేచి పుండు తెరుచుకుంది. ముంజేతుల మీద ఊదారంగు మరకలు కూడా ఉన్నాయి. తల్లిని ఆ స్థితిలో చూసిన కూతురికి కోపం రావడంలో తప్పేమీ లేదు. చెల్లెలు ఫోటోలు తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది, సంస్థకు పంపింది, పక్కకు తిప్పకుండా పడుకోబెట్టారనీ చేతులు మెలిపెట్టారనీ ఆరోపించింది. పోలీసు కేసు పెడతానంది. పెద్దల సమస్యల కోసం ప్రభుత్వం నడిపే 14567 హెల్ప్‌లైన్‌కు చెబుతానంది. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి “నానేటీ సెయ్యలేదండి” అని రెండుసార్లు అంది. ఆ తర్వాత నోరు విప్పలేదు.

ఈ సమీక్ష రాయడానికి కారణం ఇక్కడినుంచి సంస్థ నడచుకున్న తీరు. సాయంత్రం ఐదింటికి సూపర్‌వైజర్ వచ్చారు. పుండు చూడలేదు. నోటుపుస్తకం అడగలేదు. ఆదివారం తమకు వచ్చిన ఫోను సంగతి ఎత్తనే లేదు. “మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి, ఈ పూటే వేరే అమ్మాయిని పెడతాము, మీరు ఆమె మీద ఒక ఫిర్యాదు రాసి ఇవ్వండి” అన్నారు. ఫిర్యాదు సంస్థ మీద కాదు, ఆమె మీద. ఆ మాటలోని తేడా ఆ క్షణంలో నాకు తట్టలేదు. చెల్లెలు రాసి ఇచ్చింది, నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. పది నిమిషాల్లో ఆ అమ్మాయి తన సంచి సర్దుకుని, అమ్మగారి మందుల డబ్బాలో రాత్రి వేయవలసిన మాత్రలు వేరు చేసి పెట్టి వెళ్లిపోయింది. ఆరు రోజుల జీతం నిలిపివేస్తున్నామని సూపర్‌వైజర్ మాకు ఓదార్పుగా చెప్పారు.

మర్నాడు పుండుకు కట్టు కట్టడానికి, ప్రభుత్వ ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక నర్సుగారిని పిలిపించాము. ఆవిడ పుండును స్కేలుతో కొలిచి, ఆదివారం మచ్చ ఏ రంగులో ఉందో అడిగి తెలుసుకుని, కట్టు కడుతూనే ఒక ప్రశ్న అడిగారు: “గురువారం ఈవిడ ఎక్కడున్నారు?”

పడక పుండ్లలో ఒక రకం పైనుంచి మొదలుకాదని ఆవిడ వివరించారు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన లోపలి కండ ముందు దెబ్బతింటుంది. పైన చర్మం మామూలుగానే ఉంటుంది. 48 నుంచి 72 గంటల తర్వాత ఊదారంగు మచ్చ పైకి తేలుతుంది. ఆపైన ఎంత మంచిగా చూసుకున్నా కొన్నిసార్లు అది విచ్చుకోక తప్పదు. అందుకని మచ్చ కనిపించిన రోజు వేరు, దెబ్బ తగిలిన రోజు వేరు. ఆదివారం ఉదయం ఆరు నుంచి వెనక్కి లెక్కపెడితే గురువారం ఉదయానికీ శుక్రవారం ఉదయానికీ మధ్యకు చేరుతాము. ఆ అమ్మాయి మా గుమ్మం తొక్కింది శుక్రవారం ఎనిమిది గంటలకు. ఇక ముంజేతి మరకల సంగతి: వయసుతో చర్మం కాగితంలా పలచబడినవారికి, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారికి, మంచం రెయిలింగు తగిలినా, రక్తపోటు పట్టీ బిగించినా అలాంటి మరకలు పడతాయట. కచ్చితంగా ఇదే జరిగిందని తాను ప్రమాణం చేయలేననీ, కానీ ఇవి చూసి కొట్టారని తాను మాత్రం అననని చెప్పారు. తర్వాత బ్రేడెన్ స్కేల్ అనే పద్ధతిలో లెక్క వేశారు. స్పర్శ తెలియడం, తడి, నడక, మంచం మీద కదలిక, తిండి, ఒరిపిడి అనే ఆరు అంశాలకు మార్కులు. మొత్తం 23కు ఎంత తగ్గితే ప్రమాదం అంత ఎక్కువ. 1987లో వెలువడిన పద్ధతి, కాగితం మీద ఐదు నిమిషాల పని. అమ్మగారికి 12 వచ్చింది. రోగిని చేర్చుకున్న మొదటి రోజునే సంస్థ ఈ లెక్క వేసి ఉంటే, ఒక్క మనిషితో సరిపెట్టవలసిన కేసు కాదని అప్పుడే తెలిసేది.

గురువారం ఆవిడ ఎక్కడున్నారన్నదానికి జవాబు నా దగ్గర ఉంది. డిశ్చార్జి రోజు ఉదయం పదకొండింటికి గది ఖాళీ చేయించారు. ఇన్సూరెన్సు అనుమతి సాయంత్రం ఐదింటికి గాని రాలేదు. ఆ ఆరు గంటలూ అమ్మగారు వరండాలో, పలచని పరుపు ఉన్న స్ట్రెచర్ మీద వెల్లకిలా ఉన్నారు. నేను బిల్లింగు కౌంటరు దగ్గర, మా అబ్బాయి ఫోనులో. ఆవిడ రెండుసార్లు నడుం నొప్పి అన్నారు. ఆపరేషన్ నొప్పి అనుకుని ఇంకాసేపు ఓర్చుకోమన్నాము. డిశ్చార్జి కాగితాల్లో చర్మం గురించి ఒక్క మాట లేదు. ఇంటికి వచ్చాక ఆ రాత్రి వీపు తిప్పి చూడాలన్న ఆలోచన మాకూ రాలేదు. ఆ గురువారపు పూటకు ఎవరి మీదా ఫిర్యాదు రాసి ఇమ్మని ఎవరూ అడగలేదు.

అంతమాత్రాన ఆ అమ్మాయి లెక్కలో లోటు లేదని నేను చెప్పను. ఆ రాత్రి నోటుపుస్తకం మొదటినుంచి చదివాను. సోమవారం రాత్రి రెండు గంటల గడిలో ‘ఎ’ అని ఉంది, తర్వాత నాలుగు గంటల గడి ఖాళీ, ఆరు గంటలకు ‘కు’. ఆమె నిద్రపోయింది. శుక్రవారం నుంచి మూడు రాత్రులు రెండు గంటలకొకసారి లేచిన మనిషి నాలుగో తెల్లవారుజామున లేవలేకపోయింది. అది లోపమే, అప్పటికే దెబ్బతిన్న చోట నాలుగు గంటల బరువు మేలు చేసి ఉండదు. కానీ ఆ గడిలో ఒక అక్షరం గీసేస్తే ఎవరికీ తెలిసేది కాదు, ఆమె గీయలేదు. ఒక మనిషి చేత 24 గంటల డ్యూటీ నెలల తరబడి చేయించి డబ్బు తీసుకునేది సంస్థ; అంత తక్కువకు వస్తోంది కదా అని సంతకం చేసినది నేను.

సంస్థ అంత తొందరగా ఫిర్యాదు ఆమె పేరున ఎందుకు రాయించుకుందో ఒప్పందం మళ్లీ చదివితే అర్థమైంది. ‘సంస్థ కేవలం మనిషిని సమకూర్చును, సదరు వ్యక్తి చర్యలకు బాధ్యత వహించదు’ అన్నది ఏడో షరతు. డబ్బు తీసుకుని అందించే సేవలో లోపం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సంస్థ మీదనే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. తప్పంతా ఒక అమ్మాయిదని మా చేతే రాయించుకుంటే ఆ దారికి ముందే అడ్డం వేసినట్టవుతుంది. మా బంధువైన ఒక న్యాయవాది ఇంకో సంగతి చెప్పారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐదేళ్ల వరకు జైలు. వైద్యం చేస్తూ అలా జరిగినది రిజిస్టరైన డాక్టరు చేతిలో అయితే రెండేళ్ల వరకు. కేర్‌టేకర్ డాక్టరు కాదు గనుక ఆ తగ్గింపు ఆమెకు వర్తించదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులోని 24వ సెక్షన్, పెద్దలను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది. మా ఇంట్లో ప్రాణం పోలేదు, ఎవరూ ఎవరినీ వదిలించుకోనూ లేదు. ఈ లెక్కలన్నీ విన్న తర్వాత మా చెల్లెలు పోలీసుల మాట మళ్లీ ఎత్తలేదు. పెద్దలను నిజంగానే కొట్టేవారు, పస్తు పెట్టేవారు లేకపోలేదు. అలాంటి చోట ఫిర్యాదు చేసి తీరాలి. ఆ ఫిర్యాదుకు విలువ ఉండాలంటే, దాన్ని తీసుకున్నవారు కనీసం పుండు తెరిచి చూడాలి.

రెండో అమ్మాయి గురించి కొంచెమే చెబుతాను. ఆమె రికార్డు చూడముచ్చటగా ఉండేది, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మూడో రోజు రాత్రి తొమ్మిదింటికి నీళ్ల సీసా కోసం గదిలోకి వెళ్లి, మంచం పక్కన తెరిచి ఉన్న పుస్తకం చూశాను. మర్నాడు ఉదయం ఆరు గంటల వరకు ‘కు’, ‘ఎ’, ‘వె’లు ఒకే వరుసలో, ఒకే సిరాతో అప్పటికే నిండి ఉన్నాయి. అడిగితే దాచలేదు. “గడి ఖాళీగా ఉంటే జీతం పోద్దని చెప్పారండి, మొన్న మీ ఇంట్లో జరిగింది చెప్పే చెప్పారు” అంది. ఆమె మీద నేను ఫిర్యాదు రాయలేదు.

ఆ తర్వాత సంస్థతో మూడుసార్లు మాట్లాడి, పగలొకరు రాత్రొకరు చొప్పున ఇద్దరిని పెట్టించుకున్నాను. నెలకు 36,000 అయింది. అందరికీ అందే మొత్తం కాదని తెలుసు. స్తోమత లేనివారు కనీసం రాత్రిపూట రెండు గంటల వంతు ఒకటి ఇంట్లోవారే తీసుకోవడం మంచిది. మేము ఆ పని మొదటి రోజే చేయవలసింది. మనిషి ఇంటికి వచ్చిన తొలి గంటలో రోగి ఒంటిని తల నుంచి మడమల దాకా ఇంటివారు, వచ్చిన మనిషి కలిసి చూసి, ఉన్న మచ్చలు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలని కూడా నేను పట్టుబట్టాను. సూపర్‌వైజర్ మొదట వింతగా చూసినా, రాత్రి డ్యూటీకి వచ్చిన అమ్మాయి మాత్రం వెంటనే కలం తీసింది. ఐదు నక్షత్రాలకు ఈ సేవకు రెండు ఇస్తున్నాను. ఆ రెండూ మనుషులు చేసిన పనికి. ఆరోపణ వచ్చినప్పుడు సంస్థ చేసిన పనికి ఏమీ లేదు.

నలభయ్యో రోజున అమ్మగారి ఫోను మోగింది. చేసింది మొదటి అమ్మాయి. ఒప్పందం ప్రకారం మేము ఆమెతో నేరుగా మాట్లాడకూడదు, మాట్లాడితే 50,000 జరిమానా. తనంతట తాను ఫోను చేయడం గురించి షరతు ఏమీ లేదు. ఫోను ఎత్తింది అప్పుడు మళ్లీ ఊరినుంచి వచ్చి ఉన్న మా చెల్లెలు. మామ్మగారి పుండు మానిందా అని అటునుంచి అడిగింది. చెల్లెలు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోను చెవికి భుజానికి మధ్య పట్టుకుని, కట్టు విప్పి, స్కేలు పెట్టి చూసి, సెంటీమీటరు ఉందని చెప్పింది. ఆరు రోజుల జీతం, రోజుకు 500 చొప్పున 3,000 రూపాయలు, ఇంకా ఇవ్వలేదని ఆ మాటల్లోనే తెలిసింది. ఆ పూటే ఆ మొత్తం ఆమెకు పంపించి, ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నట్లు, 3,000 మా చివరి బిల్లులో మినహాయించుకుంటున్నట్లు సంస్థకు రాశాను. కాగితం మీద చెల్లెలు కూడా సంతకం చేసింది. జవాబు రావలసి ఉంది.