జగదాంబ కూడలి చీరల దుకాణం: సరుకుకు వంక లేదు, సిబ్బందికి కుర్చీ లేదు

జగదాంబ కూడలి దగ్గరున్న ఒక పెద్ద వస్త్ర దుకాణంలో మా చెల్లెలి పెళ్లికి పట్టుచీరలు కొన్నాము. నేతకూ ధరకూ వంక పెట్టలేము. అయితే మూడు గంటలపాటు విసుగు లేకుండా చీరలు విప్పి చూపించిన అమ్మాయి ఒక్కసారైనా కూర్చోలేదు, ఎందుకంటే ఆ అంతస్తులో కుర్చీలు కొనేవారికీ, గల్లాపెట్టె దగ్గరి మేనేజరుకూ మాత్రమే వేశారు. (మంచినీళ్లు కూడా మాకే ఇచ్చారు.) రోజంతా నిలబడేవారికి నడుమునొప్పి, కాళ్లలో సిరల ఉబ్బు వచ్చే ముప్పు ఎక్కువ. హోదా తేడా అంతటితో ఆగదు: 1967లో లండన్ ప్రభుత్వోద్యోగులపై మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో కింది శ్రేణివారే గుండెజబ్బుతో ఎక్కువగా మరణించినట్టు తేలింది, పొగతాగడం వంటి అలవాట్లను లెక్కలోకి తీసుకున్నా ఆ అంతరం చాలావరకు మిగిలింది. దుకాణ సిబ్బందికి కూర్చునే వసతి కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలను సవరించాయి. చీరలకు ఐదుకు నాలుగున్నర, యాజమాన్యానికి ఒకటి.