కిడ్నీ రాయి తీశాక స్టెంట్: వేయించుకోవాలా? దారం ఉన్నది మేలా, లేనిది మేలా?

లేజర్‌తో కిడ్నీ రాయి తీయించుకున్నవాళ్లను కదిలిస్తే, ఆపరేషన్ గురించి కంటే ఆ తర్వాత లోపల ఉంచిన డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే నాళం మూసుకుపోకుండా అందులో పెట్టే సన్నటి గొట్టం) గురించే ఎక్కువ చెప్తారు. మాటిమాటికీ మూత్రం, ఆపుకోలేని తొందర, మంట, నాలుగు మెట్లెక్కితే ఎర్రగా రావడం. వీటన్నిటికంటే భయపెట్టేది మూత్రానికి వెళ్లినప్పుడు నడుము పక్కన పొడిచినట్టు వచ్చే నొప్పి. మా అన్నయ్య బాత్‌రూమ్ గోడకు చెయ్యి ఆనించి పళ్లు బిగబట్టేవాడు. లోపల ఇంకో రాయి మిగిలిందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. అసలు కారణం వేరు. మామూలుగా మూత్రాశయంలోకి దిగిన మూత్రం వెనక్కి పోదు. స్టెంట్ ఆ దారిని తెరిచి ఉంచుతుంది కాబట్టి, మూత్రాశయం ముడుచుకున్నప్పుడు ఒత్తిడి పైకి ఎగదన్ని కిడ్నీకి తగులుతుంది.

మరి స్టెంట్ లేకుండా కుదరదా? కొందరికి కుదురుతుంది. రాయి పూర్తిగా వచ్చేసి, నాళానికి గాయం కాకుండా, రెండో కిడ్నీ బాగుంటే మానేయొచ్చని అమెరికా, యూరప్ యూరాలజీ సంఘాల మార్గదర్శకాలే చెబుతున్నాయి. అప్పుడు ఈ బాధల్లో చాలావరకు తప్పుతాయి. కాకపోతే నాళం వాచి మూసుకుపోతే మళ్లీ రాయి నొప్పి లాంటిదే వచ్చి, ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సి రావచ్చు. నాళం గీరుకున్నా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఉన్నది ఒకే కిడ్నీ అయినా నా ఓటు స్టెంట్‌కే. ఇది డాక్టరు లోపల చూశాక తేల్చేది. అందుకే "అవసరం లేకపోతే మానేస్తారా?" అని ముందే అడిగి ఉంచండి.

వేయక తప్పదంటే దారం సంగతి అడగండి. కొన్ని స్టెంట్ల కింది చివరన సన్నటి దారం ఉంటుంది, దాన్ని బయటికి వదిలి చర్మానికి టేపు వేస్తారు. తీసేరోజు నర్సు దాన్ని పట్టుకుని లాగితే క్షణాల్లో వచ్చేస్తుంది. దారం లేకపోతే మూత్రమార్గంలోంచి కెమెరా గొట్టం పెట్టి తీయాలి. మగవాళ్లకు ఇది మరీ ఇబ్బంది, పైగా ఇంకో బిల్లు. దారంతో చిక్కేమిటంటే, బట్టల్లో తగులుకుంటే ముందే ఊడి రావచ్చు. కొద్ది రోజుల్లో తీసేసేదైతే దారం ఉన్నదే మేలు. వారాల తరబడి ఉండాల్సినదైతే దారం లేనిదే నయం.

ఏది వేసినా బాధ తగ్గడానికి టామ్సులోసిన్ రాస్తారు. ప్రోస్టేట్ మాత్ర కదా అని ఆడవాళ్లు పక్కన పెట్టనక్కర్లేదు, అది నాళం కండరాల బిగువునూ సడలిస్తుంది. కొందరికి లేవగానే కళ్లు తిరుగుతాయి, మెల్లగా లేవాలి. తొందర మరీ ఎక్కువైతే మూత్రాశయాన్ని సడలించే మిరాబెగ్రాన్ అనే మాత్ర గురించి అడగొచ్చు. చలిజ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం గడ్డలు పడినా మాత్రలతో సరిపెట్టుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

దారం లేని స్టెంట్‌తో నాకు అన్నిటికంటే పెద్ద భయం మతిమరుపే. బాధ అలవాటైపోయాక లోపల అదొకటుందనే మర్చిపోయేవాళ్లున్నారు. నెలల తరబడి వదిలేస్తే దానిమీదే రాయి పేరుకుని, తీయడానికి మళ్లీ ఆపరేషన్ కావాలి, కిడ్నీ కూడా దెబ్బతినొచ్చు. డిశ్చార్జ్ కాగితం మీద తీసే తేదీ రాయించుకుని, పేషెంట్ ఫోన్‌లోనే కాక ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ అలారం పెట్టించండి.