‘ది మాత్‌మ్యాన్ ప్రొఫెసీస్’ డిస్కు కొంటున్నారా? సీలు విప్పేముందు ఇది చదవండి

పాత దయ్యం సినిమాల డిస్కులు పోగేసే పిచ్చి ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. 2002లో వచ్చిన ‘ది మాత్‌మ్యాన్ ప్రొఫెసీస్’, రెండు డిస్కుల సెట్టు అని చూసి ఆర్డర్ పెట్టాను. అమ్మేవాళ్ళు వివరాల్లో మూడు సంగతులు ఊరించారు: రెక్కల రాక్షసుడు, నిజంగా జరిగిన కథ, ముగింపు చిక్కు విప్పే డాక్యుమెంటరీ. మూడూ నేతిబీరకాయలో నెయ్యే.

ముందుగా రాక్షసుడి సంగతి. రెండు గంటల సినిమాలో ఆ రెక్కల మనిషి నిండుగా కనపడేది ఎక్కడా లేదు. ఎర్రటి వెలుగులు, లిప్తపాటు నీడలు, హీరో భార్య చనిపోయే ముందు గీసిన బొమ్మలు, అంతే. అరుపులు, వెంటాడటాలు కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. ఇకపై కథంతా చెప్పేస్తున్నాను, ముగింపుతో సహా.

మొదటిసారి చూసినప్పుడు నాకు తలాతోకా దొరకలేదు. జాన్ క్లైన్ అనే విలేఖరి వేరే ఊరికి బయల్దేరి, దారితప్పి, రాత్రివేళ అమెరికాలోని పాయింట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్ళో తేలతాడు. కారు ఆగిపోయిందని ఒకింటి తలుపు తడితే, ఆ ఇంటాయన తుపాకీ గురిపెట్టి “వరసగా మూడు రాత్రుల నుంచీ నువ్వే వస్తున్నావు” అంటాడు. అదెలాగో చివరిదాకా ఎవరూ చెప్పరు. అదే ఇంటాయన తర్వాత ఫోన్‌లో మాట్లాడతాడు. తీరా చూస్తే అప్పటికే చనిపోయి గంటలు గడిచాయి. దీనికీ జవాబు లేదు. చిక్కుముడి ఎప్పుడో విప్పుతారులే అని కూర్చుంటే మోసపోయినట్టే ఉంటుంది. నేను అలాగే మోసపోయాను.

రెండోసారి చూసినప్పుడు ఒక దారం దొరికింది. ఫోన్‌లోనూ కలల్లోనూ ఒక వింత గొంతు జరగబోయేవి చెబుతుంటుంది. అది చెప్పేదంతా నిజమే. జాన్ దాన్ని అర్థం చేసుకున్న తీరే ప్రతిసారీ తప్పుతుంది. ఒహాయో నది మీద ఘోరం జరుగుతుందని కబురొస్తుంది. నది ఒడ్డున రసాయనాల ఫ్యాక్టరీ ఉంది, గవర్నర్ అక్కడికి వస్తున్నాడు, ఇంకేముంది, ప్రమాదం అక్కడే అని జాన్ నానా హడావుడీ చేస్తాడు. ఏమీ కాదు, పరువు పోతుంది. నది మీద ఉన్నది వంతెన కూడా అన్న ఆలోచనే రాదు పాపం. కానీ (Connie) అనే పోలీసు ఆఫీసర్‌కి “మేలుకో, 37వ నంబర్” అని కల వస్తుంది. చచ్చేవాళ్ళ జాబితాలో ఆమె నంబరేమో అనుకుంటాం. వంతెన కూలి 36 మంది పోతారు, ఆమె బతుకుతుంది. అది నిజంగా మేలుకోమని చెప్పిన మాటే.

నాకు బాగా గుర్తుండిపోయింది ఫోన్ సీను. కీచుగా, గరగరగా వినిపించే ఆ గొంతు పేరు ఇండ్రిడ్ కోల్డ్. జాన్ పరీక్ష పెడతాడు: నా వాచీ ఎక్కడుంది? మంచం కింద బూటులో. నా చేతిలో ఏముంది? గొంతు తాపీగా “చాప్‌స్టిక్” అంటుంది. పెదాలకు రాసుకునే బామ్ ఉండే చిన్న గొట్టం. రాబోయే చావులు తెలిసిన గొంతు అంత అల్పమైన వస్తువు పేరు చెబుతుంటే ఒళ్ళు జలదరించింది. వంతెన సీనులో కూడా నాకంత భయం వేయలేదు.

ఇంత తెలిసినవాడు సూటిగా చెప్పొచ్చు కదా? దీనికి సినిమాలోనే లీక్ అనే పెద్దాయన ఒక పోలిక చెబుతాడు. ఎత్తయిన భవనం మీద కిటికీలు తుడిచేవాడికి దూరంలో జరిగే కారు ప్రమాదం ముందే కనపడుతుంది, అంతమాత్రాన వాడు దేవుడు కాదు, మనకంటే తెలివైనవాడూ కాదు, ఎత్తులో ఉన్నాడంతే. ఆ గొంతుకి చూపుంది, మన మీద జాలి ఉందో లేదో తెలీదు. (లీక్ పేరును ఇంగ్లిషు అక్షరాల్లో వెనకనుంచి చదవండి. కీల్ వస్తుంది. ఈ సినిమాకి ఆధారమైన 1975 నాటి పుస్తకం రాసింది జాన్ కీల్.)

అందుకే చివర్లో జాన్ చేసే పని నాకు నచ్చింది. చనిపోయిన భార్య శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తుందని కబురు. ఇంట్లో ఫోన్ ముందు కూర్చుంటాడు. పండక్కి రమ్మని ఆ పోలీసు ఆఫీసర్ పిలుస్తుంది. గుండె రాయి చేసుకుని లేచి వెళ్తాడు, వంతెన దగ్గరికి చేరతాడు, ఆమెను నీళ్ళలోంచి లాగుతాడు. కబురు మాట విని ఇంట్లోనే ఉండి ఉంటే ఆమె మునిగిపోయేదే.

ఇక ‘నిజంగా జరిగిన కథ’. ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. 1966 నవంబరులో పాయింట్ ప్లెజెంట్‌లో కొందరు రెక్కల ఆకారం చూశామన్నారు, నిజమే. 1967 డిసెంబరు 15 సాయంత్రం అక్కడి సిల్వర్ బ్రిడ్జ్ అనే వంతెన కూలి 46 మంది చనిపోయారు, అదీ నిజమే. సినిమా దాన్ని ఇప్పటి కాలానికి, క్రిస్మస్ ముందురోజుకి మార్చింది. ఊరు కూడా చాలామటుకు పెన్సిల్వేనియాలోని కిటానింగ్‌లో తీసిందే. అవన్నీ సినిమా వాళ్ళ ఇష్టం. కానీ ఆఖర్న తెర మీద, వంతెన కూలడానికి కారణం పూర్తిగా తేలలేదన్నట్టు రాశారు. తేలింది! 1928లో కట్టిన ఆ వంతెనను వేలాడదీసిన గొలుసులోని ఒక ఉక్కు పట్టీలో, కన్నం దగ్గర, రెండున్నర మిల్లీమీటర్ల పగులు. కీలు విప్పితే తప్ప కంటికి ఆనేది కాదు. గొలుసులో ఒక్కో చోట పట్టీలు రెండే కాబట్టి ఒకటి తెగాక రెండోది ఆగలేదు. ఆ తర్వాతే అమెరికా అంతటా వంతెనల తనిఖీకి నిబంధనలు పెట్టారు. డాక్యుమెంటరీలో ఈ సంగతేమైనా ఉంటుందేమోనని ఆశపడ్డాను.

పెట్టెలో ఉన్నది ఒక్కటే డిస్కు. డాక్యుమెంటరీ ఉండాల్సిన రెండోది లేనే లేదు. వాపసు అడిగితే “సీలు విప్పారు కాబట్టి కుదరదు” అన్నారు. సీలు విప్పకుండా లోపల ఎన్ని డిస్కులున్నాయో తెలియాలంటే నాకు ఇండ్రిడ్ కోల్డే ఫోన్ చేయాలి.