వీబీఏనా, యాప్స్ స్క్రిప్టా? తక్‌పట్టీ మీద తెలుగు పడాలంటే ఏది మేలు

షీటుకు సొంత ఫంక్షన్ రాసుకోవాలంటే ఎక్సెల్‌లో కోడ్ రాసే వీబీఏ మేలా, గూగుల్ షీట్స్‌లో కోడ్ రాసే యాప్స్ స్క్రిప్ట్ మేలా అని వారానికొకరైనా అడుగుతున్నారు. ఈ మధ్య వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, షీటు చేసిచ్చాక నా మట్టుకు తేలిపోయింది.

వాళ్లు అడిగింది ఒకటే. రైతుకు వచ్చే మొత్తం అంకెల్లో కొడితే, పక్క గడిలో 'అక్షరాలా' తెలుగులో పడాలి. థాయ్‌లాండ్ బాత్‌లను మాటల్లో రాయడానికి ఎక్సెల్‌లో బాత్‌టెక్స్ట్ అని ఫంక్షనే ఉంది. మన రూపాయికి లేదు!

200 అయితే 'రెండు వందలు', 220 అయితే 'రెండు వందల ఇరవై', 120 అయితే 'నూట ఇరవై'. వెనకాల ఏమొస్తుందో చూసి మాట చివర మార్చాలి. ఆ తిప్పలు ఎందులో రాసినా తప్పవు. తేడా అంతా తెలుగు మాటను కోడ్‌లో పెట్టే దగ్గరే. వీబీఏ 1993లో ఎక్సెల్ 5తో వచ్చింది. దాని ఎడిటర్‌లో ఇప్పటికీ తెలుగు పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలే పడతాయి. ఒక్క 'లక్ష' రాయాలంటే 3122, 3093, 3149, 3127 అని నాలుగు కోడ్ నంబర్లను అక్షరాలుగా మార్చి అతికించాలి. ఆర్నెల్ల తర్వాత అందులో తప్పు వెతకమంటే రాసిన నాకే అర్థం కాదు. యాప్స్ స్క్రిప్ట్‌లో కోట్స్ మధ్య లక్ష అని రాస్తే అయిపోయింది. నేను దాని వైపు మొగ్గింది ఇందుకే.

పైగా వీబీఏ ఫోన్‌లో నడవదు. నెట్ నుంచి దించుకున్న ఫైల్లో మాక్రోలను, అంటే వీబీఏ కోడ్‌ను, 2022 నుంచి ఎక్సెల్ తనంతట తానే ఆపేస్తోంది.

అలాగని యాప్స్ స్క్రిప్ట్‌కు వంకలు లేవని కాదు. నెట్ పోతే పని ఆగుతుంది. నాలుగు వందల వరుసల్లో విడివిడిగా ఫంక్షన్ పెడితే, సీజన్‌లో రైతు ఎదురుగా నిలబడి ఉండగా గడులన్నీ 'లోడింగ్' అంటూ కూర్చుంటాయి. కాలమ్ మొత్తాన్ని ఒకే ఫంక్షన్‌కు ఇచ్చి, జవాబులన్నీ ఒకేసారి తెప్పించుకోవాలి. అదీ 30 సెకన్లలో ముగియాలి. వేగంలో మాత్రం వీబీఏదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే.

కోడ్ లేకుండా ఫార్ములాతోనే సొంత ఫంక్షన్ చేసుకునే ల్యాంబ్డా చిన్న లెక్కలకు బాగుంటుంది, తేమ కోత లాంటివాటికి. ఎక్సెల్ 2019, 2021 ఉన్నవాళ్లకు అదీ లేదు. ఎక్సెల్‌లో పైథాన్ అంటారా, లెక్క మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు వెళ్లి రావాలి, దుకాణం పనికి అంత అక్కర్లేదు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాడేవాళ్లు నాకు ఇక్కడ తగల్లేదు.

నెట్ సరిగా రాని ఇంకో దుకాణానికి మాత్రం వీబీఏతోనే చేసిచ్చాను. తెలుగు మాటలన్నీ వేరే షీటులో టైప్ చేసి, కోడ్ అక్కడి నుంచి తీసుకునేలా పెట్టాను. ఆ షీటును దాచిపెట్టాను కూడా. అయినా దాన్ని డిలీట్ చేయొద్దని గుమస్తాకు రెండుసార్లు చెప్పి వచ్చాను.