ఆపడం వచ్చు, చెప్పడం రాదు: యాక్సెస్ ఫారంలో ఖాళీ గడుల హెచ్చరికలు

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్ మొదటిసారి వచ్చింది 1992లో. చిన్న క్లినిక్కులు, కాలేజీ ఆఫీసులు, గోడౌన్లు ఇప్పటికీ దాన్ని వదలకపోవడానికి కారణం దాని ఫారాలే. అరగంటలో టేబుల్ కట్టి, ఇంకో అరగంటలో ఎంట్రీ మొదలుపెట్టొచ్చు. ఇక్కడ చూస్తున్నది మొత్తం యాక్సెస్‌ని కాదు, అందులో ఒక్క ముక్కని: నింపి తీరాల్సిన గడిని ఖాళీగా వదిలేస్తే ఫారం ఏం చేస్తుంది? చూసింది మైక్రోసాఫ్ట్ 365తో వచ్చే విండోస్ వెర్షన్. ఉదాహరణకి ఒక పేషెంట్ నమోదు ఫారం తీసుకుందాం: పేరు, పుట్టిన తేదీ, ఫోన్, ఊరు, కింద సబ్‌ఫారంలో (ఫారం లోపలి చిన్న ఫారం) సందర్శనల వివరాలు.

ఆపడానికి పదికి తొమ్మిది మార్కులు. చెప్పడానికి మూడు. టేబుల్ డిజైన్‌లో రిక్వైర్డ్ (తప్పనిసరి) అనే ప్రాపర్టీకి ఎస్, అంటే అవును, పెడితే చాలు, ఆ గడి ఖాళీగా ఉన్న కొత్త రికార్డు ఫారం నుంచి వచ్చినా, క్వెరీ (డేటాని వెతికే, మార్చే ఆదేశం) నుంచి వచ్చినా, ఎక్సెల్ నుంచి దిగుమతి చేసినా లోపలికి పోదు. డేటాని దాచే లోపలి ఇంజిన్ కాపలా అంత గట్టిది. కానీ అది వేసే మెసేజ్ చూడండి: టేబుల్ పేరు, చుక్క, ఫీల్డు పేరు, అందులో విలువ ఇవ్వాలి అని ఒక ఇంగ్లీషు వాక్యం. ఇది 3314 నంబరు ఎర్రర్. ఫారం మీద 'పుట్టిన తేదీ' అని లేబుల్ ఉంటుంది, మెసేజ్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన డీఓబీ2 లాంటి పేరు కనిపిస్తుంది. కర్సర్ ఆ గడిలోకి వెళ్లదు. రెండు గడులు ఖాళీగా ఉంటే ఒకదాని పేరే చెబుతుంది. అది నింపి సేవ్ కొడితే అప్పుడు రెండోది. కౌంటర్ దగ్గర పదిమంది నిలబడి ఉన్నప్పుడు ఇదెంత ఇబ్బందో తెలుస్తుంది.

ముందుగా నంబర్లు, ఎందుకంటే పైకి ఒకేలా కనిపించే హెచ్చరికల వెనక కారణాలు వేరు. 3314 అంటే రిక్వైర్డ్ గడి ఖాళీ. 3058 అంటే ప్రైమరీ కీ (ప్రతి రికార్డునీ విడిగా గుర్తించే గడి) ఖాళీ. 3315 అంటే గడిలో ఉన్నది పొడవు లేని స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని టెక్స్ట్), ఆ ఫీల్డు దాన్ని ఒప్పుకోదు. 3201 అంటే తల్లి టేబుల్‌లో (ఇక్కడ పేషెంట్లది) లేని నంబరుకి పిల్ల రికార్డు (ఇక్కడ సందర్శన) కట్టబోయారు. 94 వస్తే అది ఇంజిన్‌ది కాదు, మీ కోడ్‌ది: ఖాళీ విలువని స్ట్రింగ్ లేదా నంబర్ వేరియబుల్‌లో వేశారు. అక్కడ ఖాళీకి బదులు వేరే విలువ ఇచ్చే ఎన్‌జెడ్ ఫంక్షన్ వాడాలి.

అన్నిటికన్నా ఎక్కువమందిని తికమక పెట్టేది 'నిండినట్టే ఉంది, నిజానికి ఖాళీ' అనే కేసు. టెక్స్ట్ ఫీల్డుకి రిక్వైర్డ్ పక్కన అలౌ జీరో లెంగ్త్ అని ఇంకో ప్రాపర్టీ ఉంటుంది. డిజైన్ వ్యూలో కొత్త ఫీల్డు పెడితే దానికి ఎస్ అనే వస్తుంది. రెండూ ఎస్‌గా ఉన్నప్పుడు ఆపరేటర్ ఆ గడిలో స్పేస్ బార్ ఒక్కసారి నొక్కి ముందుకి వెళ్తే, యాక్సెస్ దాన్ని పొడవు లేని స్ట్రింగ్‌గా దాచుకుని రికార్డుని సేవ్ చేస్తుంది. హెచ్చరిక రాదు. తర్వాత మీరు క్వెరీలో ఈజ్ నల్ (అసలు విలువే లేదు) అని వెతికితే ఆ రికార్డు దొరకదు, రిపోర్టులో మాత్రం పేరు ఉండదు. పరిష్కారం ఒక్క నిమిషం పని: రిక్వైర్డ్ ఎస్ పెట్టిన ప్రతి టెక్స్ట్ ఫీల్డుకీ అలౌ జీరో లెంగ్త్ నో చేయండి. మనం మార్చేదాకా డిఫాల్టుగా ఎస్ ఇవ్వడం యాక్సెస్ తప్పే అని మా అభిప్రాయం.

పాత టేబుల్‌లో ఈ మార్పు చేసేటప్పుడు సేవ్ కొట్టగానే, ఉన్న డేటాని కొత్త నియమంతో పరీక్షించాలా అని అడుగుతుంది. ఎస్ అనండి. తేడా ఉంటే ఉందని చెబుతుంది కానీ ఏయే రికార్డుల్లో ఉందో చూపించదు. అందుకని ముందే రెండు క్వెరీలు నడిపి చూసుకోవాలి: ఈజ్ నల్ షరతుతో ఒకటి, రెండు డబుల్ కోట్లు పక్కపక్కన పెట్టిన ఖాళీ స్ట్రింగ్ షరతుతో ఇంకొకటి. ఒకటే నడిపితే సగం పనే.

ఇక ఏమీ టైప్ చేయకుండానే హెచ్చరిక వచ్చే రకం. కొత్త రికార్డు దగ్గరికి వెళ్లి, మనసు మార్చుకుని వెనక్కి వస్తుంటే 'పేరు ఇవ్వాలి' అంటుంది. దాదాపు ఎప్పుడూ దోషి ఆన్ కరెంట్ ఈవెంట్‌లో, అంటే రికార్డు దగ్గరికి రాగానే నడిచే చోట, రాసిన కోడే. ఎవరో అక్కడ ఈ రోజు తేదీనో, యూజర్ పేరునో గడిలో వేస్తున్నారు. అలా వేసిన క్షణమే రికార్డు డర్టీ అవుతుంది, అంటే మొదలైనట్టు లెక్క. వెనక్కి వెళ్లబోతే సేవ్ చేయాలని చూస్తుంది, పేరు లేదు కాబట్టి ఆగిపోతుంది. తేదీని టేబుల్‌లోనో గడిలోనో డిఫాల్ట్ వాల్యూగా పెట్టండి, అది రికార్డుని మొదలుపెట్టదు. లెక్కగట్టాల్సిన విలువ అయితే కోడ్‌ని బిఫోర్ ఇన్సర్ట్ ఈవెంట్‌లోకి మార్చండి. అది మొదటి అక్షరం పడ్డాకే నడుస్తుంది. ఈలోగా ఇరుక్కున్న ఆపరేటర్‌కి చెప్పాల్సింది ఎస్కేప్ రెండుసార్లు: మొదటిది గడిని, రెండోది మొత్తం రికార్డుని వెనక్కి తీస్తుంది.

సబ్‌ఫారం ఉన్నచోట ఇంకో మెలిక. పై ఫారం నుంచి కింది సబ్‌ఫారంలో క్లిక్ చేయగానే యాక్సెస్ పై రికార్డుని సేవ్ చేస్తుంది. ఫోన్ నంబరు తర్వాత అడుగుదాం, ముందు సందర్శన రాసేద్దాం అనుకునే ఆపరేటర్‌కి అక్కడే 3314 తగులుతుంది. ఇది లోపం కాదు, తల్లి రికార్డు లేకుండా పిల్లకి నంబరు ఎక్కడిది? దీనికి తలకిందుల కేసు మాత్రం ప్రమాదం: పై ఫారంలో ఏమీ నింపకుండా నేరుగా సబ్‌ఫారంలో రాయడం. పిల్ల టేబుల్‌లో పేషెంట్ నంబరు ఫీల్డుకి రిక్వైర్డ్ నో అయితే, టేబుళ్ల మధ్య రిఫరెన్షియల్ ఇంటిగ్రిటీ (పిల్ల రికార్డుకి తల్లి ఉండాలనే నియమం) పెట్టినా సరే, ఆ సందర్శన ఎవరిదీ కాని రికార్డుగా సేవ్ అయిపోతుంది. ఖాళీ కీని ఆ నియమం పట్టించుకోదు. అదే ఫీల్డుకి డిఫాల్ట్ వాల్యూలో 0 ఉంటే (పాత ఫైళ్లలో ఇది మామూలే) 3201 వస్తుంది, ఎందుకంటే 0 నంబరు పేషెంట్ లేడు. రెండిటికీ మందు ఒకటే: పిల్ల టేబుల్‌లో ఆ ఫీల్డుకి రిక్వైర్డ్ ఎస్, డిఫాల్ట్ వాల్యూలోని 0 తీసేయడం.

హెచ్చరికలో వేరే టేబుల్ పేరు కనిపిస్తే? ఫారం వెనక రెండు టేబుళ్లు కలిపిన క్వెరీ ఉందని అర్థం. ఊరి కోడ్ పక్కన ఊరి పేరు కూడా చూపిద్దామని టేబుల్ కలిపారు, ఆపరేటర్ ఆ పేరు గడిలో టైప్ చేశాడు. యాక్సెస్ దాన్ని ఊళ్ల టేబుల్‌లో కొత్త ఊరుగా తీసుకుని, దాని మిగతా గడులు ఏవి అంటోంది. చూపించడానికి మాత్రమే పెట్టిన గడులకి లాక్డ్ ఎస్, ట్యాబ్ స్టాప్ నో పెట్టండి.

ఇప్పుడు ఈ ఉత్పత్తి మీద అసలు ఫిర్యాదు. ఫారాన్ని పైనున్న ఇంటూ గుర్తుతో మూస్తే, ఖాళీ గడి ఉందని చెప్పి, రికార్డు సేవ్ చేయలేను, అయినా మూసేయాలా అని అడుగుతుంది. అదే ఫారాన్ని మీరు చేసిన 'మూసివేయి' బటన్‌తో, అంటే కోడ్‌లో డూకమాండ్ క్లోజ్‌తో మూస్తే రెండూ రావు. రికార్డు మాయమవుతుంది. ఆపరేటర్ సేవ్ అయిందనే అనుకుంటాడు. ఏళ్లుగా తెలిసిన తప్పిదమే, ఇంకా అలాగే ఉంది. బటన్ కోడ్‌లో మూసే లైనుకి ముందు ఒక లైను చేర్చాలి: ఫారం డర్టీ అయి ఉంటే డర్టీ ప్రాపర్టీని ఫాల్స్ చేయాలి. అంటే ముందు బలవంతంగా సేవ్ చేయించడం. సేవ్ కుదరకపోతే అక్కడే ఎర్రర్ వస్తుంది, మూసే లైను దాకా పోదు. సేవ్‌కి ముందు నడిచే బిఫోర్ అప్‌డేట్ ఈవెంట్‌లో మీరే ఆపినప్పుడు ఇదే లైను దగ్గర 2101 అనే అర్థంపర్థం లేని ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ హ్యాండ్లర్‌లో దాన్ని మింగేసి, ఫారాన్ని తెరిచే ఉంచండి.

చెప్పే పని మనమే చేసుకోవాలి, దానికి సరైన చోటు ఫారం తాలూకు బిఫోర్ అప్‌డేట్ ఈవెంట్. గడి తాలూకు బిఫోర్ అప్‌డేట్ కాదు: ఆపరేటర్ ఆ గడిని ముట్టుకోకపోతే అది నడవనే నడవదు. గడికి పెట్టే వ్యాలిడేషన్ రూల్‌ది కూడా అదే పరిస్థితి, మార్చినప్పుడే చూస్తుంది. గడి తాలూకు ఎగ్జిట్ ఈవెంట్ ఇంకా దారుణం, మనిషిని ఆ గడిలోనే బంధిస్తుంది.

పని చేసే పద్ధతి ఇదీ. తప్పనిసరి గడులన్నీ ఎంచుకుని, ప్రాపర్టీ షీట్‌లో అదర్ ట్యాబ్‌లో ఉండే ట్యాగ్‌లో ఒకే మాట, ఉదాహరణకి ఆర్ అక్షరం, రాయండి. ఫారం బిఫోర్ అప్‌డేట్‌లో అన్ని కంట్రోళ్ల మీదుగా లూప్ తిప్పి, ఆ ట్యాగ్ ఉన్న ప్రతి గడి విలువకీ ఎన్‌జెడ్, ఆపైన ట్రిమ్ (అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేసేది) వేసి పొడవు సున్నా అయితే దాని లేబుల్ పేరుని ఒక స్ట్రింగ్‌కి చేర్చండి. లేబుల్ పేరు ఆ గడి సొంత కంట్రోల్స్ జాబితాలో సున్నా స్థానంలో దొరుకుతుంది. లేబుల్‌ని విడదీసిన గడికి అక్కడే కోడ్ పడిపోతుంది, అలాంటి వాటికి పేరుని స్టేటస్ బార్ టెక్స్ట్‌లో దాచుకోండి. చివర్లో స్ట్రింగ్ ఖాళీ కాకపోతే క్యాన్సిల్‌ని ట్రూ చేసి, అన్ని పేర్లూ ఒకే మెసేజ్‌లో చూపించి, మొదటి ఖాళీ గడికి సెట్ ఫోకస్ ఇవ్వండి. ఆ గడి వేరే ట్యాబ్ పేజీలో ఉన్నా ఆ పేజీ దానంతటదే ముందుకి వస్తుంది. ఇది ఇంజిన్ తనిఖీ కన్నా ముందు నడుస్తుంది కాబట్టి 3314 ముఖం ఆపరేటర్ చూడడు. జారిపోయినవాటికి ఫారం ఆన్ ఎర్రర్ ఈవెంట్‌లో డేటా ఎర్రర్ 3314 అయితే మీ మెసేజ్ చూపించి, రెస్పాన్స్‌కి కంటిన్యూ ఇవ్వండి.

ఆ మెసేజ్ తెలుగులో పెట్టాలనుకునేవాళ్లకి ఒక అడ్డంకి ఉంది. యాక్సెస్ కోడ్ రాసే వీబీఏ ఎడిటర్‌కి యూనికోడ్ (తెలుగు లాంటి లిపుల ఎన్‌కోడింగ్) రాదు. తెలుగు అతికిస్తే వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. టేబుల్ నుంచి తెచ్చి మెసేజ్ బాక్సులో చూపించబోయినా అంతే. దారి ఏమిటంటే, వాక్యాలని ఒక చిన్న టేబుల్‌లో దాచి, టేబుల్ నుంచి విలువ తెచ్చే డీలుకప్ ఫంక్షన్‌తో తెచ్చి, ఫారం పైన ఎర్ర అక్షరాల లేబుల్ క్యాప్షన్‌లో వేయడం. ఫారం మీది లేబుళ్లు, ప్రాపర్టీ షీట్‌లో రాసే వ్యాలిడేషన్ టెక్స్ట్ తెలుగుని బాగానే తీసుకుంటాయి. నిజానికి బాక్సు కన్నా లేబులే మేలు, ఓకే నొక్కే పని తప్పుతుంది.

ఎస్ లేదా నో రకం ఫీల్డుని తప్పనిసరి చేయాలని చూడకండి. యాక్సెస్‌లో అది ఖాళీగా ఉండలేదు, ముట్టుకోకపోతే నో. షుగర్ ఉందా అని అడగకుండా వదిలేసిన పేషెంటూ, లేదని చెప్పిన పేషెంటూ ఒకటే అయిపోతారు. నంబర్ ఫీల్డు, దాని మీద కాంబో బాక్స్, 1 ఉంది, 2 లేదు, 9 తెలియదు అని పెట్టి, డిఫాల్ట్ తీసేసి, రిక్వైర్డ్ ఎస్ చేయండి. ఆ 'తెలియదు' చాలా ముఖ్యం. తప్పించుకునే దారి లేని తప్పనిసరి గడిలో జనం చుక్క పెడతారు, ఫోన్ గడిలో పది తొమ్మిదులు కొడతారు. ఇంటిపేరుని వేరే గడి చేసి తప్పనిసరి చేసిన ఫారాల్లో ఆ చుక్కలు ఎన్ని ఉంటాయో ఒక్కసారి క్వెరీ వేసి చూడండి. పేషెంట్ నమోదులో నిజంగా రిక్వైర్డ్ కావాల్సింది పేరు, వయసు లేదా పుట్టిన తేదీ, అంతే. ఆ 'లేదా'ని ఒక్క ఫీల్డు మీద రాయలేం. టేబుల్ మొత్తానికి ఉండే వ్యాలిడేషన్ రూల్‌లో రాయాలి, టేబుల్‌కి అది ఒక్కటే దొరుకుతుంది. సరిపోకపోతే 2010 నుంచి ఉన్న డేటా మాక్రోల్లో (టేబుల్‌కే తగిలించే ఆదేశాలు) బిఫోర్ చేంజ్ వాడి, రైజ్ ఎర్రర్‌తో మీ మాట చెప్పించవచ్చు.

సెట్ వార్నింగ్స్‌తో హెచ్చరికలు ఆపేసిన కోడ్ ఎక్కడైనా ఉంటే ఇప్పటిదాకా చెప్పినదంతా వృథా. రికార్డులు చేర్చే అపెండ్ క్వెరీ 200 రికార్డుల్లో 30ని ఖాళీ గడుల వల్ల వదిలేసినా ఒక్క మాట చెప్పదు. బదులుగా కరెంట్‌డీబీ ఎగ్జిక్యూట్‌ని ఫెయిల్ ఆన్ ఎర్రర్ ఆప్షన్‌తో వాడండి.

టేబుళ్లు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉండి యాక్సెస్ ఫారం పైన మాత్రమే ఉంటే మార్కులు ఇంకా తగ్గుతాయి. ఆన్ ఎర్రర్ ఈవెంట్‌కి ఓడీబీసీ (సర్వర్‌తో కలిపే లంకె) విఫలమైందనే నంబరే అందుతుంది, ఏ గడి అన్నది కాదు. అక్కడ బిఫోర్ అప్‌డేట్ తనిఖీ లేకుండా గడవదు. బిట్ (0 లేదా 1) కాలమ్‌లో ఖాళీ ఉంటే మరీ విచిత్రం: ఒక్కరే పని చేస్తున్నా వేరే యూజర్ ఈ రికార్డు మార్చాడని అంటుంది. ఖాళీలకి 0 నింపి, డిఫాల్ట్ 0 పెట్టి, టేబుల్‌కి ఒక రోవెర్షన్ కాలమ్ (రికార్డు మారినప్పుడల్లా తనే మారేది) చేర్చితే ఆగుతుంది.

డబ్బు పెట్టలేనివాళ్లు లిబ్రెఆఫీస్ బేస్ చూడొచ్చు. దాని ఫారం గడులకి ఇన్‌పుట్ రిక్వైర్డ్ అనే ప్రాపర్టీ ఉంది, డేటాబేస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఈ తనిఖీని మొత్తంగా ఆపే టిక్కు కూడా ఉంది. టేబుల్‌లో తప్పనిసరి చేసినా ఫారం ముందుగా హెచ్చరించకపోతే మొదట చూడాల్సింది ఆ టిక్కే. కాకపోతే పైన చెప్పిన లూప్ లాంటిది అక్కడ రాయాలంటే బేసిక్ మాక్రోలతో ఇంకొంచెం ఎక్కువ కుస్తీ పట్టాలి. మ్యాక్ మీద పని చేసేవాళ్లకి మాత్రం ఆ కుస్తీ తప్పదు, యాక్సెస్ విండోస్‌కే పరిమితం.