"రైడర్ల కోసం" అని రాసి ఉందని ఇయర్‌బడ్స్ కొనేయకండి

మొన్న సంక్రాంతికి బండి మీద హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లాను. మ్యాప్ చెప్పే దారి వినడానికని ఆన్‌లైన్‌లో 2,399 రూపాయలు పెట్టి ఇయర్‌బడ్స్ తెప్పించాను. బొమ్మలో ఫుల్ ఫేస్ హెల్మెట్ పట్టుకున్న కుర్రాడు, పక్కనే పెద్ద అక్షరాల్లో "రైడర్ల కోసం". నీటి జల్లుని తట్టుకుంటుందని చెప్పే ఐపీఎక్స్5 రేటింగ్, 40 గంటల బ్యాటరీ, అన్నీ ఉన్నాయి. బడ్ చెవిలోంచి ఎంత బయటికి పొడుచుకొస్తుందో మాత్రం ఎక్కడా లేదు. అక్కడే దెబ్బతిన్నాను.

ఎల్బీనగర్ దాటేదాకా ఏమీ తెలియలేదు. చౌటుప్పల్ వచ్చేసరికి ఎడమ చెవి మంట మొదలైంది. హెల్మెట్ లోపలి ప్యాడ్ బడ్‌ని నొక్కుతుంది, బడ్ చెవి దొప్పని నొక్కుతుంది. ఇంట్లో సోఫాలో కూర్చుని చూసుకుంటే ఇది తెలిసే అవకాశమే లేదు. పైగా బడ్ మీద ఒత్తే బటన్ ఒకటి. నేను తల తిప్పి అద్దంలో చూసినప్పుడల్లా వాయిస్ అసిస్టెంట్ నిద్రలేచి ఏం కావాలని అడిగేది. చెవి వదిలెయ్ తల్లీ, అంతే చాలు!

సూర్యాపేటలో టీకి ఆగి హెల్మెట్ లాగితే, దాంతోపాటే ఎడమ బడ్ ఊడి ఆగి ఉన్న బస్సు కిందికి దొర్లింది. నాది చెవి కిందికి కాడలా దిగే మోడల్, దానికి ఈ తిప్పలు తప్పవు. హెల్మెట్ తొడిగేటప్పుడు కాడ తగిలి బడ్ పక్కకి తిరుగుతుంది, సిలికాన్ టిప్ వదులవుతుంది, గాలి హోరు లోపలికొస్తుంది. మనం సౌండ్ పెంచుతాం. 100 డెసిబెల్స్ శబ్దం 15 నిమిషాలు దాటితే చాలు, వినికిడికి ప్రమాదమని పనిచోట ఆరోగ్య భద్రతపై పనిచేసే అమెరికా సంస్థ నియోష్ లెక్క. హైవే మీద హెల్మెట్‌లో గాలి హోరే దాని దరిదాపుల్లో ఉంటుంది, ఆపైన పాట కూడానా?

ఇంటికొచ్చి రిటర్న్ పెడితే అసలు సంగతి బయటపడింది. చెవిలో పెట్టుకునే వస్తువు కాబట్టి సీల్ తీస్తే వాపసు లేదట, లోపం ఉంటేనే రీప్లేస్‌మెంట్ అట. నొప్పి లోపం కిందికి రాదు మరి! పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంది, నేనే చూడలేదు. కానీ "రైడర్ల కోసం" అన్న మాట పెద్ద అక్షరాల్లో వేసింది వాళ్లే కదా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, చూడాలి.

కొనేవాళ్లు దయచేసి మీ హెల్మెట్ పట్టుకుని షాపుకే వెళ్లండి. డెమో పీస్ ఉంటే పెట్టుకుని, పైన హెల్మెట్ తొడిగి, పావుగంట అక్కడే తిరగండి. నవ్వితే నవ్వనివ్వండి. కాడ లేనిది, చెవి గుంటలో పూర్తిగా ఇమిడిపోయేది చూడండి. స్పీకర్ పెట్టడానికి లోపల గుంట ఉన్న హెల్మెట్ అయితే పల్చటి స్పీకర్లు ఇంకా నయం, చెవి ఖాళీగా ఉంటుంది. ఒక మిత్రుడు హెల్మెట్ లోపలి థర్మోకోల్ కాస్త చెక్కెయ్యమన్నాడు. ఆ పని మాత్రం చెయ్యకండి, పడ్డప్పుడు దెబ్బని మింగేది అదే.

తిరుగు ప్రయాణంలో బడ్స్ బ్యాగులోనే ఉన్నాయి. దారేమీ తప్పలేదు. ఆ హైవేకి మ్యాప్ ఎందుకని మా ఆవిడ ముందే అడిగింది.