డిఫెండర్ ఒక్కటే సరిపోతుందా? ఏళ్ల తరబడి వాడినాక చెప్తున్నా

మాది అనంతపురం. ఇంట్లో ఒకటే కంప్యూటర్, దాన్ని నేను, మా ఆవిడ, డిగ్రీ చదివే మా వాడు, సెలవులకొస్తే మా అక్క పిల్లలు, అందరం వాడతాం, ఇంక దాంట్లోకి ఏమేం దూరుతుంటాయో చెప్పక్కర్లేదు. ముందు డబ్బులు పెట్టి కొన్న యాంటీవైరస్ ఒకటి ఉండేది, పేరెందుకులే, స్పైవేర్ (మనకు తెలీకుండా మన వివరాలు లాగేది) పట్టిందో లేదో గాని రెన్యువల్ చేయి రెన్యువల్ చేయి అని మూలలో పాపప్ మాత్రం రోజూ పెట్టేది. అది తీసేసి విండోస్ 10 అప్పటి నుంచి ఇప్పుడు 11 దాకా విండోస్‌తో పాటే ఫ్రీగా వచ్చే డిఫెండరే.

"డిఫెండర్ వేస్ట్" అనే మాట విండోస్ 7 కాలంది. మైక్రోసాఫ్ట్ 2004లో జెయింట్ అనే కంపెనీని కొని, వాళ్ల యాంటీస్పైవేర్‌నే 2006లో ఈ పేరుతో వదిలింది, అప్పుడది స్పైవేర్ వరకే చూసేది, వైరస్‌లు కూడా పట్టడం 2012లో విండోస్ 8తో మొదలైంది. ఇప్పుడు బాగానే పడుతుంది. ఒక సెట్టింగ్ మాత్రం చూసుకోవల్ల: విండోస్ సెక్యూరిటీ తెరిచి యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్, అది ఆన్‌లో ఉంటేనే ఫ్రీ పీడీఎఫ్ కన్వర్టర్‌తో పాటు వచ్చే టూల్‌బార్ చెత్త ఆగుతుంది.

మైనస్ ఏందంటే ఫుల్ స్కాన్. పాత హార్డ్ డిస్క్ అయితే సిస్టమ్ పాకుతుంది, సగంలో కరెంట్ పోయిందా మళ్లీ మొదటి నుంచి. ఎస్ఎస్‌డీ వేయించినాక ఆ గోల తగ్గింది.

కానీ అసలు సంగతి వేరే. మా పక్కింటి పిల్లోడు సిస్టమ్ స్లో అయింది చూడన్నా అంటే పోయి చూసినా, డిఫెండర్ ఆన్‌లోనే ఉండాది, పచ్చ టిక్కు కూడా ఉండాది, ఎక్స్‌క్లూజన్స్ లిస్ట్ (స్కాన్ చేయకుండా వదిలేయమని చెప్పేది) తెరిస్తే మొత్తం సీ డ్రైవే దాంట్లో ఉండాది! ఆఫీస్ యాక్టివేట్ చేసే క్రాక్ ఏదో వేసినాడంట, అట్లాంటివి అడ్మిన్ పర్మిషన్ దొరికితే చాలు "ఇక్కడ చూడొద్దు" అని డిఫెండర్‌కే చెప్పేస్తాయి. అందుకే మా ఇంట్లో అందరికీ స్టాండర్డ్ అకౌంటే (సిస్టమ్‌లో పెద్ద మార్పులకు అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగేది), నాక్కూడా, అడ్మిన్ అకౌంట్ వేరేగా పెట్టినా, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది. మా వాడు మొదట్లో శానా గొణిగినాడు, ప్రతి గేమ్‌కీ నాయనా పాస్‌వర్డ్ కొట్టు అని వచ్చేవాడు. రానీ. డబ్బులు పెట్టి కొన్నదానికంటే ఈ ఒక్క పనే ఎక్కువ కాపాడింది అంటా నేను.

అట్లని దానికీ హద్దుంది. స్టీలర్లు అని ఉన్నాయి, వాటికి అడ్మిన్ అక్కర్లేదు, ఒక్కసారి డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మనం లాగినై ఉన్నామని సైట్‌కు గుర్తుచేసేవి) ఎత్తుకుపోతాయి, కుకీ పోయిందంటే ఓటీపీ కూడా అడ్డం పడదు. తర్వాత స్కాన్ చేసి తీసేసినా పోయింది పోయిందే, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైస్‌ల నుంచి సైనౌట్ కొట్టల్ల. మా ఇంట్లో బ్యాంక్ పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో సేవ్ చేసేది లేదు.

డౌటొచ్చినప్పుడు మాల్వేర్‌బైట్స్ అనే ఇంకో స్కానర్ ఫ్రీది నడుపుతా. మొదట కొన్ని రోజులు ప్రీమియం ట్రయల్, ఆ తర్వాత మనం నొక్కితేనే స్కాన్ చేస్తుంది, నాకు అంతే చాలు. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్‌లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేసినా, డౌన్‌లోడ్ సైట్లలో ఆ పెద్ద పెద్ద దొంగ బటన్లు చాలా వరకు కనపడకుండా పోయినాయి. క్రోమ్‌లో ఇప్పుడు దాని లైట్ వెర్షనే పనిచేస్తుంది.

ఇంకా విండోస్ 10లోనే ఉన్నోళ్లు ఒకటి చూసుకోండి, 2025 అక్టోబర్ 14తో దాని సపోర్ట్ అయిపోయింది. డిఫెండర్‌కు అప్‌డేట్లు వస్తున్నాయి కదా అని ఊరుకోవద్దు, విండోస్‌లో ఉన్న బొక్కలు పూడ్చేది అది కాదు.